ఆయాసం ఉందని ఆట మానాలా?

డ్రిల్ పీరియడ్‌లో గ్రౌండ్ పక్కన వేపచెట్టు కింద ఒక పిల్లాడు కూర్చుని ఉంటాడు. తోటివాళ్ల వాచీలూ కళ్లజోళ్లూ వాడి ఒళ్లో ఉంటాయి. మంచినీళ్ల సీసాలన్నీ వాడి చుట్టూ ఉంటాయి. ఖోఖో జట్ల స్కోరు వాడి నోట్‌బుక్‌లోనే ఉంటుంది. ఎవరు ఎటు తిరుగుతారో, ఎవరు ఎక్కడ దొరికిపోతారో వాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆడటం ఒక్కటి తప్ప ఆటకు సంబంధించిన పనులన్నీ వాడికి వచ్చు!

ఏ ఊరి స్కూల్లో చూసినా ఇలాంటి పిల్లాడో పిల్లో కనిపిస్తూనే ఉంటారు. వాళ్ల డైరీలో అమ్మ రాసిన రెండు లైన్లు ఉంటాయి. ‘సార్, మా బాబుకు ఆయాసం. దయచేసి ఆటలు ఆడించవద్దు’ అని. అమ్మ ప్రేమతోనే రాసింది. పీఈటీ సారు జాలితోనే ఒప్పుకున్నారు. కానీ ఐదో తరగతిలో రాసిన ఆ చీటీ పదో తరగతి దాకా చెల్లుతూనే ఉంటుంది. మధ్యలో ఒక్కసారైనా ‘ఇప్పుడు ఆడొచ్చా?’ అని ఎవరూ అడగరు. కొన్నాళ్లకు పిల్లాడు కూడా అడగడం మానేస్తాడు.

డాక్టర్లు చెప్పేది మాత్రం వేరు. ఉబ్బసం ఉన్న పిల్లల్లో ఎక్కువమంది సరైన మందు సరైన పద్ధతిలో వాడితే అందరితో పాటు ఆడొచ్చు, పరుగెత్తొచ్చు, పోటీల్లో పాల్గొనొచ్చు. ఆడలేకపోతున్నారంటే జబ్బు ఇంకా అదుపులోకి రాలేదని అర్థం. అలాంటప్పుడు మార్చాల్సింది మందునూ, దాన్ని వాడే తీరునూ. ఆట మానిపించినంత మాత్రాన జబ్బు తగ్గదు, కంటికి కనబడకుండా పోతుందంతే.

పరుగెత్తితే ఏమవుతుంది?

మామూలుగా మనం ముక్కుతో గాలి పీలుస్తాం. ముక్కు ఆ గాలిని వెచ్చబరిచి, తడిచేసి, దుమ్ము వడగట్టి లోపలికి పంపిస్తుంది. ఊరికే కూర్చున్నప్పుడు పెద్దవాళ్ల ఊపిరితిత్తుల్లోకి నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్ల గాలి వెళ్తుంది. గట్టిగా పరుగెత్తితే అది 100 లీటర్లు కూడా దాటుతుంది. అంత గాలికి ముక్కు చాలదు. నోరు తెరుస్తాం. దాంతో పొడిగా, చల్లగా ఉన్న గాలి నేరుగా ఊపిరి గొట్టాల్లోకి దూసుకుపోతుంది. గొట్టాల లోపలి పొర మీది తేమ ఆవిరవుతుంది.

ఆరోగ్యంగా ఉన్న గొట్టాలు దీన్ని పట్టించుకోవు. ఉబ్బసం ఉన్నవాళ్ల గొట్టాలు అప్పటికే వాచి, చీటికీమాటికీ ఉలిక్కిపడేలా ఉంటాయి. లోపలి కణాల నుంచి హిస్టమిన్, ల్యూకోట్రయీన్ వంటి రసాయనాలు విడుదలవుతాయి. గొట్టాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. దారి ఇరుకైపోయి పిల్లికూతలు మొదలవుతాయి.

తమాషా ఏమిటంటే, చాలామంది పిల్లలకు ఇది ఆడుతున్నప్పటి కంటే ఆట ఆపాకే ఎక్కువవుతుంది. ఆపిన ఐదు నుంచి పదిహేను నిమిషాల్లో తీవ్రమై, సాధారణంగా అరగంట నుంచి గంటలో సర్దుకుంటుంది. మామూలు రొప్పు అలా కాదు, కాసేపు కూర్చుంటే తగ్గిపోతుంది. ‘ఆడినంతసేపూ బాగానే ఉన్నాడు, ఇంటికొచ్చాకే దగ్గు పట్టుకుంది’ అని ఏ తల్లయినా అంటే, ఆ మాటను డాక్టరు దగ్గర తప్పకుండా చెప్పాలి. కొందరు పిల్లల్లో పిల్లికూతలు ఉండవు, పొడి దగ్గు ఒక్కటే ఉంటుంది. దానికి సీసాల కొద్దీ దగ్గు మందు తాగించేస్తుంటారు. ఇంకొందరు ‘ఛాతీ పట్టేసింది’ అంటారు. మరీ చిన్నవాళ్లు ఏమీ చెప్పలేరు. పరుగెత్తే ఆట మొదలవగానే మెల్లగా పక్కకు తప్పుకుంటారు.

అలాగని ఆడితే వచ్చే ప్రతి ఆయాసమూ ఉబ్బసం కాదు. రక్తహీనత ఉన్నా, బరువు ఎక్కువున్నా, బొత్తిగా వ్యాయామం అలవాటు లేకపోయినా, అరుదుగా గుండెలో లోపం ఉన్నా పిల్లలు రొప్పుతారు. అందుకే పరీక్ష చేయించాలి. స్పైరోమెట్రీతో ఊపిరి బలం కొలుస్తారు. కొన్నిసార్లు ఆరేడు నిమిషాలు పరుగెత్తించి ముందూ వెనకా పీక్ ఫ్లో మీటర్ ఊదిస్తారు. పిల్లల్లో అది 15 శాతం కంటే ఎక్కువ పడిపోతే ఉబ్బసం అని అనుమానించాల్సిందే.

ఆడకపోతే పోయేదేంటి?

‘ఆటలే కదా... ఆడకపోతే కొంప మునిగిందా? చదువుకోనీ!’ అనుకునే ఇళ్లకు కొదవలేదు. కొంప మునగదు కానీ, పిల్లాడు ఒక సుడిలో పడతాడు. ఆడకపోతే గుండెకూ కండరాలకూ కసరత్తు ఉండదు. కసరత్తు లేకపోతే రెండంతస్తుల మెట్లెక్కినా రొప్పు వస్తుంది. ఆ రొప్పును చూసి ఇంట్లోవాళ్లు ఇంకా భయపడతారు. ‘నీకెందుకురా, నువ్వు కూర్చో’ అంటారు. కూర్చుంటే బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే ఉబ్బసం ఇంకా మొండికేస్తుంది!

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒంటికి పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఉబ్బసం ఉన్న పిల్లలు ఆ మాటకు మినహాయింపేమీ కాదు. అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నింటినీ వడపోసి కోక్రేన్ సంస్థ 2013లో ఒక సమీక్ష వెలువరించింది. ఉబ్బసం ఉన్నవాళ్లు క్రమంగా వ్యాయామం చేస్తే గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం పెరుగుతుందనీ, వ్యాయామం వల్ల ఉబ్బసం ముదరడం లేదనీ అందులో తేలింది.

ఒంటి సంగతి అలా ఉంచితే మనసు సంగతి ఇంకోటి. పిల్లల స్నేహాలు ఎక్కువగా గ్రౌండ్‌లోనే పుడతాయి. జట్లు పంచుకునేటప్పుడు తన పేరు ఎవరూ పిలవరని తెలిసిన పిల్లాడు, ఇంటికొచ్చి ‘నాకు ఆటలంటే ఇష్టం లేదు’ అంటాడు. ఇంట్లోవాళ్లు నమ్మేస్తారు.

ఆడపిల్లల విషయంలో మరో చిక్కు. ‘ఆయాసం ఉందని నలుగురికీ తెలిస్తే రేపు సంబంధాలు ఎలా వస్తాయి?’ అన్న భయంతో అమ్మాయికి జబ్బున్న సంగతే దాచిపెడతారు. స్కూల్లో చెప్పరు, బ్యాగులో పంపు పెట్టరు. ‘దానికి ఆటలు అలవాటు లేదండీ’ అనేస్తారు. దాచిన జబ్బుకు మందు సరిగ్గా పడదు. మందు పడని జబ్బు ఒకరోజు నలుగురి ముందే బయటపడుతుంది.

ఒలింపిక్స్ చెప్పిన లెక్క

1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన అమెరికా జట్టులోని 597 మంది క్రీడాకారులను పరిశీలిస్తే, వారిలో 67 మందికి వ్యాయామంతో ఊపిరి గొట్టాలు బిగుసుకునే సమస్య ఉన్నట్టు తేలింది. ఆ 67 మందీ కలిసి ఎన్ని పతకాలు తెచ్చారో తెలుసా? 41!

ఈతగత్తె ఎమీ వాన్ డైకెన్‌కు పసితనం నుంచే ఉబ్బసం. ఈత కొడితే మంచిదని డాక్టరు చెబితే కొలనులో దిగింది. పన్నెండేళ్లు వచ్చేదాకా ఒలింపిక్ కొలను ఈ చివర నుంచి ఆ చివరకు ఆగకుండా ఈదలేకపోయింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో నాలుగు స్వర్ణాలు గెలుచుకుంది. ఒకే ఒలింపిక్స్‌లో నాలుగు స్వర్ణాలు సాధించిన తొలి అమెరికన్ మహిళ ఆమే.

బ్రిటన్ పరుగుల రాణి పౌలా రాడ్‌క్లిఫ్‌కు పద్నాలుగేళ్లప్పుడు ఉబ్బసం ఉన్నట్టు తెలిసింది. 2003లో లండన్ మారథాన్‌ను ఆమె 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో పూర్తిచేసింది. మహిళల్లో ఆ రికార్డును 2019 దాకా ఎవరూ దాటలేకపోయారు. ఆయాసం ఉన్నవాళ్లకు దూరపు పరుగు పనికిరాదనేవాళ్లకు ఇంతకంటే జవాబేం కావాలి?

అయితే వీళ్లందరి కంటే మన ఇళ్లకు దగ్గరగా ఉండే కథ జాకీ జాయ్‌నర్ కెర్సీది. 1988 సియోల్ ఒలింపిక్స్ హెప్టాథ్లాన్‌లో ఆమె సాధించిన 7291 పాయింట్ల ప్రపంచ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. కాలేజీలో ఉండగా ఆమెకు ఉబ్బసం అని డాక్టర్లు చెప్పారు. ఆమె నమ్మలేదు. క్రీడాకారిణికి ఉబ్బసమేంటి అనుకుంది. శిక్షకులకు చెప్పకుండా దాచింది, మందులు సరిగ్గా వాడలేదు. ప్రాణాల మీదకు వచ్చిన తర్వాత గానీ జబ్బును జబ్బుగా ఒప్పుకోలేదు. ఉబ్బసాన్ని దాచుకుని ఆడటం ఎంత ప్రమాదమో ఆ తర్వాత ఆమే ఊరూరా తిరిగి చెప్పింది. ఆటకు భయపడటం ఎంత తప్పో, జబ్బును లెక్కచేయకపోవడం అంత తప్పు.

నానమ్మ భయం... మైక్రోగ్రాముల లెక్క

ఇన్‌హేలర్ పేరెత్తగానే చాలా ఇళ్లలో పెద్ద చర్చే జరుగుతుంది. ‘ఇప్పట్నుంచే పంపు పెడితే జీవితాంతం వదలదు’ అంటుంది నానమ్మ. ‘అది ఆఖరి మందటగా... ముందు మాత్రలు చూద్దాం’ అంటాడు బాబాయి. ‘అందులో స్టెరాయిడ్ ఉంటుందట, పిల్లాడు పొట్టివాడైపోతాడు’ అని పక్కింటి అత్తయ్య గారి మాట. అందరివీ మంచి మనసులే. కానీ ఒక్కో భయాన్నీ తీసి లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది.

సాల్బుటమాల్ మాత్ర ఒకటి 4 మిల్లీగ్రాములనుకుందాం. అదే మందు ఇన్‌హేలర్‌లో ఒక పఫ్‌కు 100 మైక్రోగ్రాములు. అంటే ఒక్క మాత్రలో ఉన్న మందు 40 పఫ్‌లకు సమానం! మాత్ర కడుపులోకి వెళ్లి, రక్తంలో కలిసి, ఒళ్లంతా తిరిగి, చివరకు ఊపిరితిత్తుల్ని చేరుతుంది. దారిలో గుండెదడ, చేతుల వణుకు తెస్తుంది. పఫ్ నేరుగా వెళ్లాల్సిన చోటికే వెళ్తుంది. తక్కువ మందుతో త్వరగా పనిచేసేదాన్ని ‘ఆఖరి మందు’ అనడం ఏం న్యాయం? ఇక అలవాటంటారా... కళ్లజోడు అలవాటవుతుందని చూపు మందగించిన పిల్లాడికి జోడు పెట్టించకుండా ఉంటామా!

స్టెరాయిడ్ భయంలో కొంత నిజం ఉంది, దాన్ని దాచక్కర్లేదు. రోజూ పీల్చే బుడెసొనైడ్ వాడిన పిల్లలు పెద్దయ్యాక ఎంత ఎత్తు పెరిగారో అమెరికా పరిశోధకులు కొలిచి 2012లో ప్రకటించారు. మందు లేనివారితో పోలిస్తే సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువ ఉన్నారు. అంటే అర అంగుళం కంటే తక్కువ. దానికి బదులు దక్కేది రాత్రుళ్లు నిద్ర, క్రమం తప్పని చదువు, ఆట... కొన్నిసార్లు ప్రాణమే. పైగా జబ్బు అదుపులోకి వచ్చాక డాక్టర్లు డోసు తగ్గిస్తూ వస్తారు.

ప్రాణం అన్నది ఊరికే అన్న మాట కాదు. 2019 నాటి ప్రపంచ వ్యాధిభారం అంచనాల ప్రకారం మన దేశంలో సుమారు 3.4 కోట్ల మందికి ఉబ్బసం ఉంది. ప్రపంచంలోని ఉబ్బస రోగుల్లో మన వాటా 13 శాతం. ఉబ్బసంతో పోయే ప్రాణాల్లో మాత్రం మన వాటా 40 శాతం పైనే. పీల్చే స్టెరాయిడ్ మందును మనవాళ్లు వాడాల్సినంత వాడకపోవడమే దీనికి ఒక పెద్ద కారణమని నిపుణులు చెబుతారు.

ఏటా జూన్‌లో మృగశిర కార్తె వచ్చిందంటే హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని సోదరుల చేప ప్రసాదం కోసం బారులు తీరతారు. పిల్లల్ని భుజాన వేసుకుని రాష్ట్రాలు దాటి వచ్చే తల్లిదండ్రుల ఆశను ఎగతాళి చేయాల్సిన పనిలేదు. కానీ అది ఉబ్బసాన్ని తగ్గిస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. నమ్మకం కొద్దీ వెళ్లేవాళ్లు వెళ్లినా, ‘ప్రసాదం పడింది కదా’ అని రోజూ వాడే ఇన్‌హేలర్‌ను మాత్రం ఆపకూడదు. కార్తె వచ్చేది వానలకు ముందు. జలుబులూ చెమ్మా పెరిగి ఉబ్బసం రేగేది ఆ వానల్లోనే.

రెండు పంపులు... రెండు పనులు

ఇన్‌హేలర్లు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి అప్పటికప్పుడు గొట్టాలను వదులు చేసేది, సాల్బుటమాల్ లాంటిది. రెండోది గొట్టాల లోపలి వాపును మెల్లగా తగ్గించేది, బుడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్. మొదటిది నిప్పు మీద నీళ్లు చల్లడం, రెండోది అసలు నిప్పు రాజుకోకుండా చూడటం. మొదటిది వేసిన ఐదు నిమిషాల్లో హాయి తెలుస్తుంది కాబట్టి దానిమీదే అందరికీ గురి. రెండోది వేసినా వేయకపోయినా ఆ రోజుకు తేడా తెలియదు కాబట్టి పది రోజులకే మానేస్తారు. చిక్కంతా అక్కడే.

సాల్బుటమాల్ ఇన్‌హేలర్ ఒక డబ్బాలో మామూలుగా 200 పఫ్‌లుంటాయి. ఏడాదికి మూడు లేదా అంతకు మించి డబ్బాలు ఖాళీ అవుతున్నాయంటే ఉబ్బసం తీవ్రంగా దాడిచేసే ముప్పు పెరుగుతోందని ప్రపంచస్థాయి ఉబ్బస నిపుణుల వేదిక ‘గినా’ హెచ్చరిస్తోంది. 12 ఏళ్లు దాటినవాళ్లు కేవలం సాల్బుటమాల్ మీదే ఆధారపడొద్దనీ, వాపు తగ్గించే మందు కూడా ఉండాల్సిందేననీ 2019లో ఆ వేదిక తన సలహానే మార్చింది. ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకు కూడా ఒక్క సాల్బుటమాల్‌తో సరిపెట్టొద్దనే ఇప్పుడు చెబుతున్నారు. మందుల షాపులో ‘అదే పంపు ఇంకోటివ్వండి’ అని తెచ్చుకునే ఇళ్లు ఒకసారి ఆగి డబ్బాలు లెక్కపెట్టుకోవాలి.

మాంటెలుకాస్ట్ మాత్ర వాడుతున్న పిల్లలు ఉన్నట్టుండి చిరాకుపడుతున్నా, పీడకలలు వస్తున్నాయన్నా, మనిషి మారినట్టు కనిపించినా వెంటనే డాక్టరుకు చెప్పాలి. 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానిమీద గట్టి హెచ్చరిక చేర్చింది.

మందు ఎంత మంచిదైనా లోపలికి వెళ్తేనే కదా! ఇన్‌హేలర్‌ను నేరుగా నోట్లో పెట్టి నొక్కితే చాలా మందు గొంతుకే అంటుకుపోతుంది. మధ్యలో స్పేసర్ అనే గొట్టం పెడితే అది నిలిచి, పిల్లాడు నింపాదిగా పీల్చుకుంటాడు. ఒక పఫ్ నొక్కాలి, నాలుగైదు సార్లు ఊపిరి తీసుకోనివ్వాలి. తర్వాతే రెండో పఫ్. స్టెరాయిడ్ పఫ్ అయ్యాక నోరు పుక్కిలించి ఊసేయాలి. స్పేసర్ కొనలేని ఇళ్లకు ఒక మంచి కబురుంది. అర లీటరు ప్లాస్టిక్ సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి సరిగ్గా పట్టేంత రంధ్రం చేసి, చుట్టూ సందు లేకుండా అతికిస్తే అదీ కొన్న స్పేసర్‌లాగే పనిచేస్తుందని దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ వైద్యులు 1999లోనే పిల్లల మీద పరీక్షించి చూపించారు. తయారుచేసుకున్నాక ఒకసారి డాక్టరుకు చూపించి వాడితే సరి.

గ్రౌండ్‌లోకి దిగే ముందు

జబ్బు అదుపులో ఉన్నా, ఆడితే ఇబ్బంది పడే పిల్లలకు ఆటకు 10-15 నిమిషాల ముందు సాల్బుటమాల్ పఫ్ వేసుకోమని డాక్టర్లు చెబుతారు. అది రెండు మూడు గంటలు కాపు కాస్తుంది. అయితే రోజూ ఇదొక్కటే వేస్తూ పోతే దాని పదును తగ్గుతుంది. ప్రతిరోజూ ముందస్తు పఫ్ కావాల్సి వస్తోందంటే రెండో పంపు సంగతి చూడాలి.

ఇక డబ్బు ఖర్చులేని మందు ఒకటుంది... వార్మప్. విజిల్ పడగానే ఒక్కసారిగా ఉరకడం ఈ పిల్లలకు పనికిరాదు. ముందు నడక, తర్వాత నెమ్మది పరుగు, ఆ తర్వాత మధ్యమధ్యలో ఆగుతూ నాలుగైదు చిన్న ఉరుకులు... ఇలా 10-15 నిమిషాలు చేయిస్తే చాలామందిలో ఊపిరి గొట్టాలు తర్వాత గంట నుంచి మూడు గంటల దాకా అంత తేలిగ్గా బిగుసుకోవు. ఆట ఆపేటప్పుడు కూడా టక్కున కూలబడకుండా నడుస్తూ ఆపాలి.

ఆటల్లో కొన్ని మొదలుపెట్టడానికి తేలిక. బ్యాడ్మింటన్, వాలీబాల్, టేబుల్ టెన్నిస్, క్రికెట్‌లలో మధ్యలో ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. కబడ్డీలో రెయిడ్ అంటే 30 సెకన్లే. ఈత కొలను దగ్గర గాలి తేమగా ఉంటుంది కాబట్టి చాలామందికి హాయిగా ఉంటుంది, క్లోరిన్ వాసన పడనివాళ్లకు తప్ప. ఫుట్‌బాల్, హాకీ, దూరపు పరుగులు ఆగకుండా ఊపిరిని పరీక్షిస్తాయి. అలాగని వాటికి తలుపు మూసేయక్కర్లేదు, మెల్లగా అలవాటు చేసుకుంటూ వెళ్లాలి. ఏ ఆట ఆడాలన్నది పిల్లాడి ఇష్టం నుంచి మొదలవ్వాలి. ఇష్టంలేని ఈత కంటే ఇష్టమైన ఫుట్‌బాలే మేలు.

కాలాన్నీ గాలినీ చూసుకోవాలి. సంక్రాంతికి ముందు చలి ముదిరే రోజుల్లోనే చాలా స్కూళ్లలో ఆటల పోటీలు పెడతారు. తెల్లవారుజామున మంచులో ప్రాక్టీసు బదులు ఎండ కాస్త వచ్చాక పెట్టుకుంటే మేలు. తప్పనప్పుడు ముక్కుకూ నోటికీ మెత్తని గుడ్డ అడ్డం కట్టుకున్నా లోపలికి వెళ్లే గాలి వెచ్చబడుతుంది. దీపావళి మర్నాడు, భోగి మంటల పొద్దున, చెత్త తగలబెట్టిన సాయంత్రం గ్రౌండ్ బదులు ఇంట్లో ఆట ఆడించాలి. గ్రౌండ్ గట్ల మీద తెల్లపూలతో విరగబూసే వయ్యారిభామ మొక్కల పుప్పొడి చాలామందికి పడదు, పీకించేయాలి. నగరాల్లో ఉండేవాళ్లు గాలి నాణ్యత సూచీ చూసుకోవాలి. అది 100 దాటితే ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇబ్బంది కలగొచ్చని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పట్టికలోనే ఉంది. 200 దాటిన రోజు బయట పరుగులు వద్దు. జలుబు, జ్వరం ఉన్నప్పుడు, ముందు రాత్రి దగ్గుతో నిద్ర లేనప్పుడు కూడా ఆటకు సెలవివ్వాలి. ఒక్కరోజు సెలవుకూ, పదో తరగతి దాకా సెలవుకూ చాలా తేడా ఉంది.

రాష్ట్రస్థాయికి ఎదిగిన పిల్లలకు డోపింగ్ భయం ఉంటుంది. పీల్చే సాల్బుటమాల్ 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, ఏ 8 గంటల్లోనూ 600 మైక్రోగ్రాములు దాటనంత వరకు ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిబంధనలు అనుమతిస్తాయి. అదే మందు మాత్రగా, సిరప్‌గా తీసుకుంటే ఈ వెసులుబాటు లేదు. పెద్ద పోటీలకు వెళ్లే ముందు మందుల చీటీని డాక్టరుతో, శిక్షకుడితో సరిచూసుకోవడం తప్పనిసరి.

పీఈటీ సారు చేతిలో కాగితం

స్కూలుకు పంపాల్సింది ‘ఆడించవద్దు’ అనే చీటీ కాదు, ‘ఇలా ఆడించండి’ అనే కాగితం. డాక్టరు చేత ఒక పేజీలో రాయించుకోవాలి. ఆటకు ముందు ఏ మందు, ఎన్ని పఫ్‌లు? ఆయాసం వస్తే ఏం చేయాలి? ఎప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాలి? ఎవరికి ఫోన్ చేయాలి? ఒక కాపీ క్లాస్ టీచరుకు, ఒకటి పీఈటీకి. అన్నిటికంటే ముఖ్యం, ఇన్‌హేలర్ ఉండాల్సింది ఆఫీసు గది బీరువాలో కాదు. తాళం ఎక్కడుందో వెతికేలోపు పిల్లాడు నీలబడతాడు. పెద్ద పిల్లలైతే జేబులోనే ఉంచుకోవాలి, చిన్నవాళ్లదైతే సారు విజిల్ పక్కనే ఉండాలి.

గ్రౌండ్‌లో ఆయాసం వస్తే వెంటనే ఆట ఆపాలి. పిల్లాడిని పడుకోబెట్టకుండా నిటారుగా కూర్చోబెట్టాలి. చుట్టూ మూగకుండా చూడాలి. స్పేసర్‌తో సాల్బుటమాల్ ఒక్కో పఫ్ చొప్పున, కాగితంలో రాసినన్ని వేయాలి. హాయిగా ఊపిరి ఆడితే ఆ రోజుకు విశ్రాంతి. పఫ్‌లు వేసినా తగ్గకపోయినా, ఒక పూర్తి వాక్యం మాట్లాడలేకపోతున్నా, ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నా, పెదవులు నీలంగా మారినా, మగతగా ఉన్నా ఇంకేమీ ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి. బండి వచ్చేదాకా పఫ్‌లు ఆపకూడదు. పిల్లికూతలు ఉన్నట్టుండి వినిపించకుండా పోయి, పిల్లాడు నీరసపడితే అది తగ్గినట్టు కాదు. గాలి కదలడం లేదని, మరింత తొందరపడాలని అర్థం.

నెలకోసారి నాలుగు ప్రశ్నలు

జబ్బు అదుపులో ఉందో లేదో తెలుసుకోవడానికి ఆరేళ్లు దాటిన పిల్లలున్న ఇంట్లో నెలకోసారి ఈ నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు. గడిచిన నాలుగు వారాల్లో... పగటిపూట వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ దగ్గు, ఆయాసం వచ్చాయా? రాత్రి ఒక్కసారైనా ఉబ్బసంతో లేచి కూర్చున్నాడా? ఆటకు ముందు వేసుకున్నవి కాకుండా, సాల్బుటమాల్ వారానికి రెండుసార్లకు మించి కావాల్సి వచ్చిందా? ఉబ్బసం వల్ల ఆట గానీ, పని గానీ ఆగిపోయిందా? నాలుగింటికీ ‘లేదు’ అనే జవాబొస్తే జబ్బు అదుపులో ఉన్నట్టు. ఒక్కదానికి ‘అవును’ వచ్చినా డాక్టరును కలవాలి.

మనం మొదటి మూడింటికీ జాగ్రత్తగా జవాబు చెప్పి, నాలుగోదాన్ని వదిలేస్తుంటాం. డాక్టరు ‘ఎలా ఉన్నాడు?’ అంటే ‘బాగానే ఉన్నాడండీ, ఆయాసం రాలేదు’ అంటాం. నిజమే, రాలేదు. పరుగెత్తనివ్వకపోతే ఎలా వస్తుంది? సాయంత్రం మిగతా పిల్లలు వీధిలో ఆడుతుంటే టీవీ ముందు కూర్చోబెట్టిన పిల్లాడికి మందు సరిపోతోందో లేదో ఏ డాక్టరుకు మాత్రం ఎలా తెలుస్తుంది?

అందుకే ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు మందుల చీటీతో పాటు ఇంకో సంగతి కూడా పట్టుకెళ్లండి. ఈ నెలలో మీ బాబో పాపో ఏ ఆట ఆడారు? ఎంతసేపు ఆడారు? ఆపాక పది నిమిషాలకు ఎలా ఉన్నారు? డాక్టరు గారు అడగకపోయినా మీరే చెప్పండి. ఏమీ ఆడలేదనేదే మీ జవాబైతే, మాట్లాడటం అక్కడి నుంచే మొదలుపెట్టండి.